పసిరిక పిట్టలు, తేనెపెట్టెలు, నా స్కూటర్

ఈ మధ్య చంద్రపూర్‌ల పిట్టల గురించి, తేనెటీగల గురించి ఊరూరు తిరిగి చెప్పే పిల్లలు ఎక్కువైండ్రు. మెడల దుర్బిణి, కాళ్లకు బూట్లు, చేతిల ఫోను. చూస్తే ముచ్చటైతది. అప్పుడప్పుడు మా ఇంటికి కూడ వచ్చి, "కాకా, మీరు గీ పనిల మస్తు ఏండ్లు ఉన్నరట గద, మాకేమన్న చెప్పుండ్రి" అంటరు. నేను గొంతు సవరించుకోంగనే మా ఇంటామె వంటింట్లకెళ్లి, "ముందుగాల ఆ స్కూటర్ సంగతి చెప్పు, తర్వాత నీతులు చెప్పు" అంటది. అందుకే ఆ స్కూటర్ సంగతే రాస్తున్న. మీల సగం మందికి తెలుగు మాట్లాడుడు తప్ప చదువుడు రాదని నాకెరుకే. ఇంట్ల పెద్దోళ్లను ఎవర్నన్న పట్టుకొని చదివించుకోండి. వాళ్లు నవ్వుతరు. నవ్వనియ్యండి.

నేను పుట్టుకతోని పిట్టల మనిషిని కాదు. మా నాయిన కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి వచ్చిండు. నేను రాజురా అవతల ఒక ఓపెన్‌కాస్టుల షాట్‌ఫైరర్‌ను. అంటే, బొగ్గు మీదున్న బండకు బొక్కలు కొట్టినంక వాటిల మందు నింపి పేల్చేటోన్ని. చుట్టుపక్కల ఉన్న పిట్టలన్నిటిని ఒక్క మోతకు లేపగొట్టుడే నా కొలువు అనుకోండి. ఏండ్ల తరబడి అట్ల పేల్చి పేల్చి పిట్టలను ఎల్లగొట్టిన, వాటెంబడి నా చెవులు కూడ ఎల్లిపోయినయి. మనిషి ఎదురుంగ నిలబడి గట్టిగ మాట్లాడితే వినపడుతది. సన్న గొంతులు, దూరం మాటలు, ఫోన్ల మాటలు సగమే అందుతయి. మిగిలిన సగం నేనే సొంతంగ తయారుచేసుకుంట. డాక్టరు చూసి ఇగ బ్లాస్టింగ్ వద్దన్నడు. నన్ను పర్యావరణ విభాగంల వేసిండ్రు. మొక్కలకు నీళ్లు పోయించుడు పని. మొక్కలు మాట్లాడవు గనుక హాయిగ ఉండె.

అప్పుడే పుణె దిక్కు నుంచి ఒక మేడం ఆఫీసరుగ వచ్చింది. నా బిడ్డ వయసు. చదువుకున్నది, హుషారు మనిషి. గని చుట్టు ఊర్లల్ల జనానికి పిట్టలు, తేనెటీగలు, అడవి జంతువుల గురించి నేర్పే కార్యక్రమం పెట్టాలన్నది. ఒకనాడు నన్ను పిలిచి అడిగింది, "తుమ్హాలా తెలుగు యేతం నా?"

"యేతం మేడం," అన్న. తెలుగు రాకుంటే మా అమ్మ ఊకుంటదా?

తర్వాత ఇంకేందో అడిగింది. ఫ్యాను మోతల నాకు అందలే. మరాఠీ వస్తదా అని అడుగుతున్నదనుకొని, "తే పణ్ యేతం," అది కూడ వస్తదన్న. ఆమె ముఖం వెలిగిపోయింది. బయటికొచ్చినంక తోటి పనోడు చెప్పిండు: పిట్టల గొంతు విని గుర్తుపట్టుడు వస్తదా అని అడిగిందట.

అట్ల నేను పక్షుల మాస్టర్‌ను అయిన.

మేడం ఇచ్చిన బొమ్మల పుస్తకం చూసి రూపాలైతే నేర్చుకున్న. గొంతులే నా ప్రాణం తీసినయి. నాకొక ఉపాయం తట్టింది. పిల్లలు చెవి పెట్టి వింటున్నరంటే, ఏదో అరుస్తున్నట్టే లెక్క. వాళ్లు చూసే దిక్కు చూసి, అక్కడ ఏ పిట్ట ఉండే అవకాశమున్నదో అంచనా వేసి చెప్పుడు. కోఠారి ఊరి బడిల ఒకపాలి పిల్లలందరు ఒక్కసారే రోడ్డు దిక్కు తలలు తిప్పిండ్రు. "గది బుల్‌బుల్," అన్న, వేలు పైకెత్తి. "తోడును పిలుస్తున్నది." ముందు వరుసల పోరి ఒకతి లేచి, "నాయ్ సర్, లాల్‌పరీచా బ్రేక్," అన్నది. లాల్‌పరీ అంటే ఎర్ర సర్కారు బస్సు, అది బ్రేకు వేసిందట. తోడును పిలిచిందో లేదో గని కండక్టరైతే దిగి వచ్చిండు.

ఇగ అసలు సంగతికొస్త.

రాజురా, కోర్పనా తాలూకాల సరిహద్దుల ఒక ఊరు. తాతల నాటి నుంచి అక్కడనే పత్తి, కంది పండించుకునే తెలుగోళ్లు ఎక్కువ. ఆ ఊరి బచత్ గట్, అంటే ఆడోళ్ల పొదుపు సంఘం, మంచిగ నడుస్తుండె. దాని పెద్దామెను ఊరంత అధ్యక్షమ్మ అంటరు. నలభై దాటిన మనిషి, వాగు ఒడ్డున కూరగాయల మడి పెట్టుకున్నది. తక్కువ మాట్లాడేది, అన్న మాటను మాత్రం మర్చిపోయేది కాదు. చలికాలంల మేం అధ్యక్షమ్మకు, ఇంకో ముగ్గురికి తలా ఒకటని నాలుగు తేనెపెట్టెలు ఇచ్చినం. తేనెటీగలు పువ్వు పువ్వు తిరిగితే కాపు ఎక్కువైతదని నేను ఉపన్యాసమిచ్చిన. మొగోళ్లు నవ్విండ్రు. అధ్యక్షమ్మ మొగుడు, "కుట్టే ఈగలను గొడ్ల లెక్క సాదుతదట," అని ఊరంత చెప్పుకుంట తిరిగిండు. ఆమె పట్టించుకోలే. నాలుగు పెట్టెలను తన మడి పక్కనే వాగు గట్టు మీద పెట్టించింది. ఆ ఏడు సొరపాదుకు పిందె రాలుడు తగ్గింది, దోసకాయలు తీగ నిండ కాసినయి. మొగుని నోరు మూతవడ్డది. నేను కాలర్ ఎగరేసుకున్న.

ఎండకాలం మొదలైంది. మేడం ఈసారి పిట్టల కార్యక్రమం పెట్టమన్నది. పనులు రెండు, ఊరు ఒక్కటే, మాస్టరును నేనే. వాగు ఒడ్డు నిలువు గోడ లెక్క తెగి ఉంటది. ఆ మెత్తటి మట్టిల పసిరిక పిట్టలు బొక్కలు తొలుచుకొని గూడు పెడుతయి. ఆకుపచ్చగ, పిచ్చుకంత ఉంటయి, తోక చివర సూది లెక్క ఒక సన్న ఈక. మరాఠీల వాటిని 'వేడా రాఘూ' అంటరు, పిచ్చి చిలుక అని. పిల్లలను తీస్కపోయి చూపెట్టిన. "గీ పిట్టలు మీ ఊరి సొమ్ము, బొక్కలల్ల చేయి పెట్టొద్దు, కాపాడుకోవాలె," అని ప్రమాణం చేయించిన. ఈ పిట్ట ఎగిరే పురుగులను, తేనెటీగలను గాలిలనే పట్టుకొని తింటదని నా నోటితోనే చెప్పిన. చెప్పి ముందుకు నడిచిన. నా నోటి మాట నా బుర్రకు చేరలే.

పదిహేను రోజులకేమో అధ్యక్షమ్మ ఫోను చేసింది. నాకు వినపడాలని గట్టిగనే మాట్లాడింది.

"సారు, మీ పిట్ట మీ ఈగలను తింటున్నది. ఒకసారి వచ్చి రెండింటికి సర్దిచెప్పి పోండ్రి."

పోయిన. పెట్టెల మీదుగ మోటరు కరెంటు తీగ పోతది. దాని మీద పసిరిక పిట్టలు వరుసగ కూసున్నయి, పెండ్లిల బంతి కూసున్నట్టు. పెట్టెల నుంచి ఈగ బయటికి రాంగనే ఒకటి రివ్వున దూకేది, ముక్కుల పట్టుకొని మళ్ల తీగ మీదికి పోయి, టపటప కొట్టి ముల్లు ఊడగొట్టి మింగేది. నేను నాలుగు నెలలు కష్టపడి ఒక ఊరికి రెండు పాఠాలు చెప్పిన. ఆ రెండో పాఠం నా కండ్ల ముంగటనే మొదటి పాఠాన్ని మింగుతున్నది.

అధ్యక్షమ్మ మొగుడు నడుంమీద చేతులు పెట్టుకొని నిలబడ్డడు. ఇప్పుడు ఆయన కూడ తేనెటీగల దిక్కే. "బొక్కలన్నిటిని బురదతోని మూసేస్తం సారు. లొల్లే ఉండది."

"లోపల పిల్లలున్నయి," అన్న.

"పెట్టెలల్ల కూడ పిల్లలే ఉన్నయని మీరే అంటిరి గద."

సాయంత్రం ఊరోళ్లంత కూడే సమాజ్ మందిర్‌ల మీటింగ్ పెట్టిండ్రు. నేను లేచి నా దగ్గరున్న పెద్ద మాటలన్నీ తీసిన. ప్రకృతిల అన్నిటికి చోటున్నదన్న. ఒకదాన్నొకటి తిని బతుకుతయన్న. దాన్నే సమతుల్యం అంటరన్న. ఆ మాట నాకు చాన ఇష్టం. చెప్పినప్పుడల్ల రెండు చేతులు తక్కెడ లెక్క పెట్టేటోన్ని.

అధ్యక్షమ్మ లేచింది. "సారు, మా ఈగలను ఇంగ ఎన్నింటిని తింటే సమతుల్యం అంటరు?"

నా చేతులు తక్కెడ లెక్క అట్లనే ఆగిపోయినయి. వెనుక ఎవడో కిసుక్కున నవ్విండు. ఆమె నవ్వలే. ఆమెకు నిజంగనే జవాబు కావాలె. మొగుడు, ఊరు నవ్వుతుంటే నా మాట మీద పెట్టెలు పెట్టుకున్న మనిషి ఆమె.

"మేడంను అడిగి చెప్త," అన్న. అంత పెద్ద ఉపన్యాసం అక్కడికొచ్చి ఆగింది.

మేడంకు ఫోను చేసిన. ఆమె మంచి ఉపాయమే చెప్పింది. ఈ పిట్ట ఖుల్లా జాగలనే వేటాడుతది, చెట్ల గుబురుల దూకలేదు. కాబట్టి పెట్టెలను చెట్ల కిందికి జరపుండ్రి, ఎండ కూడ తగులది. వాగుకు కొంచెం ఎగువన ఇప్పచెట్లున్నయి. ఇంతవరకు నాకు మంచిగ అందింది. తర్వాత కూడ మేడం చాన సేపు మాట్లాడింది. "హో మేడం, హో," అనుకుంట పోయిన. మెచ్చుకుంటున్నదేమో అనుకున్న.

ఊరోళ్లతోని ఒప్పందమైంది. పెట్టెలు జరిపి చూసుడు. అప్పటికీ లాభం లేకపోతే బొక్కలు మూసుడే.

మర్నాడు ఎండ ముదరకముందే స్కూటర్ వేసుకొని దిగిన. గట్ ఆడోళ్లంత వచ్చిండ్రు, పిల్లలు వచ్చిండ్రు, బొక్కలు మూసే తయారీల ఉన్న మొగోళ్లు కూడ వచ్చిండ్రు. పని చానమంది చూడాలెనని పగటి పూటనే పెట్టుకున్న. పెట్టెల తలుపులకు గోనెపట్టలు కుక్కినం, ఇద్దరిద్దరం మోసుకపోయి ఇప్పచెట్ల కింద దించినం. ఒక్క ఈగ కుట్టలే. పెట్టెలు తీసినంక గట్టు మీద మంచి చదునైన జాగ ఖాళీ అయింది. నా స్కూటర్‌ను తెచ్చి అక్కడనే స్టాండేసిన.

చెట్ల కింద నిలబడి నాలుగు మాటలు చెప్పవట్టిన. తేనెటీగకు ఎంత తెలివి ఉంటదంటే, ఎంత దూరం పోయినా తన ఇంటి జాగను మర్చిపోదు, సూటిగ అక్కడికే వస్తదని చెప్పిన. ఆ మాట చెప్పుకుంట కూడ నాకు ఏం తట్టలే చూడుండ్రి.

పొద్దున్నే మేతకు పోయిన వేల ఈగలు అప్పుడే తిరిగి వస్తున్నయి. సూటిగ తమ ఇంటి జాగకే వస్తున్నయి. ఇల్లు లేదు. ఇంటి జాగల నా స్కూటర్ ఉన్నది.

ముందుగాల ఆడోళ్లు చేతులు ఊపిండ్రు. నేను కూడ ఊపిన. పిల్లలు ఎగురుకుంట అరిసిండ్రు. జై కొడుతున్నరనుకొని దండం పెట్టిన. ఇంగ మాట్లాడితే బాగుండదని, హుందాగ గట్టు మీదికి నడిచిన. మోత వినపడితే ఆగుతుంటినేమో. సీటు నల్లగ, మెత్తగ మెరుస్తున్నది. ఎండకు అట్ల కనపడుతుందనుకొని కాలు పైకేసి కూసున్న.

ఆ తర్వాతిది నేను చెప్పుడు కంటే ఊరోళ్లు చెప్తేనే మంచిగుంటది. నేను వాగులకు ఉరికిననట. ఎండకాలం వాగుల మోకాలు బంటి నీళ్లు కూడ లేవు. ఉన్న బురదల బర్రె లెక్క బోర్లపడ్డననట. దుర్బిణి ఒక దిక్కు, చెప్పు ఒక దిక్కు. పసిరిక పిట్టలు మాత్రం తీగ మీది నుంచి దిగి, నా నెత్తి మీద తిరిగే ఈగలను ఏరుకొని తిన్నయట. ఆనాడు నన్ను కాపాడనీకి ముందుగాల దిగింది అవే.

మొగోళ్లు పాత బట్టలు కట్టెలకు చుట్టి దివిటీలు తయారుచేసిండ్రు, స్కూటర్ మీది ఈగలను కాల్చేద్దామని. పెట్రోలు ట్యాంకు మీద దివిటీ పెట్టే మొనగాళ్లు! అధ్యక్షమ్మ ఉరికొచ్చి అడ్డం నిలబడ్డది.

"అవి నా ఈగలు. కాల్చినోని చెయ్యి కాలుస్త," అన్నది. మొగుడు కూడ దివిటీ దించిండు.

ఆమెనే మేడంకు ఫోను చేసింది. నాకు చెప్పిన మాటలనే మేడం ఆమెకు మళ్ల చెప్పింది: పొద్దు గూకినంక, ఈగలన్నీ లోపలికి చేరినంకనే పెట్టెలు కదపాలె, దగ్గర జాగకు ఒక్కసారే జరపొద్దు. ఇప్పుడు ఒక పెట్టెను పాత జాగకు తెచ్చి పెట్టుండ్రి, ఇంగ ముట్టకుండ్రి, అన్నదట. ఆమె పిడక పొగ పట్టుకొని, చేతికి అందిన పెట్టెను, అది పక్కింటామెది, తెచ్చి స్కూటర్ పక్కన పెట్టింది. చీర కొంగు ముఖానికి చుట్టుకొని సాయంత్రం దాక అక్కడనే కూసున్నది. ఎండ చల్లబడంగనే ఈగలు ఒక్కొక్కటే సీటు దిగి పెట్టెలకు పోయినయట.

నన్ను రాజురా దవాఖానకు తీస్కపోయింది ఎవరనుకున్నరు? అధ్యక్షమ్మ మొగుడే, తన మోటర్ సైకిల్ మీద. దారిల తల వెనుకకు తిప్పి నా చెవిల అరిసిండు, "సారు, ఇప్పుడు సమతుల్యం అయ్యిందా?"

జవాబు చెప్పనీకి నా పెదవి లేవలే.

నా ముఖం గుమ్మడికాయంత అయింది. మా ఇంటామె తలుపు తీసి, "ఎవరు కావాలె?" అని అడిగింది. నిజంగ గుర్తుపట్టలేదో, నాటకమాడిందో ఇప్పటికీ చెప్పదు. రెండో రోజు మేడం చూడనీకి వచ్చింది. తిట్టలే. కుర్చీ నా ఎదురుంగ జరుపుకొని కూసొని అడిగింది, "కాకా, నేను ఫోన్ల చెప్పింది మీకు వినపడలేదా?"

"లేదు మేడం. మొదటిరోజు పిట్టల గొంతుల గురించి అడిగింది కూడ వినపడలే."

ఆమె ముందుగాల పగలబడి నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నేను చూసుకోవాల్సింది," అన్నది. అప్పటి నుంచి ఏ మాటైనా ఎదురుంగ వచ్చి చెప్పేది. ఊర్లల్ల గొంతుల పాఠం ఆమె చెప్పేది, నేను రూపాల పాఠం చెప్పేటోన్ని. బస్సు బ్రేకులు బతికిపోయినయి.

ఊర్ల కథ ఇంకో తీరుగ నడిచింది. పాత జాగల పెట్టిన పెట్టెను ఇంగ ముట్టొద్దని మేడం చెప్పింది గద. వాగులకు దిగే తొవ్వ ఆ గట్టు మీది నుంచే. నా దెబ్బకు ఈగలు రేగిపోయి ఉన్నయి. బొక్కలు మూద్దామని బురద తట్ట నెత్తిన పెట్టుకొని అధ్యక్షమ్మ మొగుడు ఒకపాలి దిగిండట. తట్ట ఇడిసిపెట్టి, చెవి వాపిచ్చుకొని వాపస్ వచ్చిండు. ఇంగెవరు పోలే. అట్ల, పిట్టలు తినే ఈగలే ఆ పిట్టల గూళ్లకు కావలి కాసినయి. బొక్కలల్ల పిల్లలు నిమ్మలంగ పెరిగినయి.

కాని ఇంకొకటి కూడ అయింది. మేతకు పోయిన ఈగలన్నీ పాత జాగల పెట్టెలకే చేరినయి. చెట్ల కింద మిగిలిన మూడింటిల రెండు ఎట్లనో నిలదొక్కుకున్నయి. ఒకటి ఖాళీ అయింది. అది అధ్యక్షమ్మదే.

వాపు తగ్గినంక పోతే, ఆమె ఆ పెట్టె మూత తీసి చూపెట్టింది. ఎండిన తేనెపట్టు, దాని మీద పురుగు అల్లిన జాలి. ఈగ ఒక్కటి లేదు.

"పోయినయి సారు," అన్నది.

"ఎటు పోయినయి?" అన్న. గంత తెలివి తక్కువ ప్రశ్న నా ముప్పై ఏండ్ల కొలువుల ఎప్పుడు అడగలే.

"మాస్టరు మీరు. నన్ను అడిగితే?" అన్నది. గొంతుల కోపం లేదు. అందుకే ఎక్కువ కుట్టింది. మూత మెల్లగ పెట్టి, ఆమె పక్కన అట్లనే నిలబడ్డ.

వానల ముంగట నాగపూర్ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చిండు. సమాజ్ మందిర్‌ల సభ. తేనెటీగలనే కంచె లెక్క వాడుకొని పిట్టల గూళ్లను కాపాడిన వినూత్న పద్ధతి అని నన్ను పొగిడి శాలువ కప్పిండు. ఎవరు రాసిచ్చిండ్రో ఆ మాటలు! నేను కాదనలే. తల వంచి శాలువ కప్పించుకున్న. ముందు వరుసల అధ్యక్షమ్మ మొగుడు వాచి తగ్గిన చెవిని నిమురుకుంట అందరికంటే గట్టిగ చప్పట్లు కొట్టిండు. చివరి వరుసల పిల్లలు "వేడా రాఘూ, వేడా రాఘూ" అని అరిసిండ్రు. ఆఫీసరు పిట్టను తలుచుకుంటున్నరనుకొని సంబురపడ్డడు. అది అప్పటికే ఊర్ల నా పేరు.

సభ అయినంక అధ్యక్షమ్మ నన్ను వాగు దిక్కు రమ్మన్నది. తీగ మీద పసిరిక పిట్టల పిల్లలు కూసున్నయి, తోకలింక సరిగ రాలే, ఒకదానికొకటి ఆనుకొని ఉన్నయి. మేం చూస్తుండంగనే పెద్ద పిట్ట ఒకటి దూకి, గట్టు మీది పెట్టె ముంగట ఈగను పట్టుకున్నది. తీగకు కొట్టి కొట్టి ఒక పిల్ల నోట్ల పెట్టింది. ఖాళీ అయిన పెట్టె గలామె పక్కన నిలబడి ఇది చూడాల్సి వచ్చె. శాలువ తీసి చంకల పెట్టుకున్న.

ఆమె ఆ పిల్ల మింగేదాక చూసింది. "తిననియ్యి సారు," అన్నది ఆఖరుకు. "నేను మాత్రం ఈగల ఇంట్ల చెయ్యిపెట్టి తేనె పిండుకోలేదా? నా ఇంటికైతే ఎవరు బురద కొడతలేరు గద."

ఏమన్న అనాలనిపించింది. నోటి దాక మంచి మాటే వచ్చింది. మింగిన.

తిరిగి పోయేటప్పుడు గట్టు మీద ఆగి ఆమెనే అన్నది, "చలికాలం నాకింకో పెట్టె ఇప్పియ్యుండ్రి. ఈసారి మొదటి రోజే చెట్టు కింద పెట్టుకుంట." నేను సంతోషంగ తల ఊపిన. "పెట్టెను పంపియ్యుండ్రి," అన్నది ఆమె. "మీరు మాత్రం రాకుండ్రి."